బిగించినవాళ్లే విప్పాలి

ట్రామ్ బండిలో ఇంకా పదహారు స్టాపులు ఉన్నాయి. నా చుట్టూ రెండు పెద్ద పెట్టెలు, వాటి మీద ఒక చిన్న పెట్టె, ఒళ్లో గొడుగు, టైము పదికి ఐదు నిమిషాలు తక్కువ. పదకొండున్నరకి విమానాశ్రయానికి వెళ్లే రైలు, రెండున్నరకి విమానం. ఆ విమానం ఎక్కడానికి కావలసిన పాస్‌పోర్టు మాత్రం నా దగ్గర లేదు. అది ఊరికి అవతలి చివర, రెండేళ్లు నేను చదువుకున్న పాత కాగితాల మరమ్మతు గదిలో, ఒక ఇనుప ప్రెస్సులో, రెండు చెక్కల మధ్య బిగించి ఉంది. బిగించింది నేనే. ఇంత ముంచుకొచ్చినా నాకు లోపల్లోపల నవ్వు పొంగుతూనే ఉంది, పొయ్యి మీద పాలు పొంగినట్టు, మంట తగ్గించడానికి చెయ్యి అందడం లేదు. ఎదుటి సీట్లో ముసలాయన నా పెట్టెల్నీ నన్నూ మార్చి మార్చి చూసి, మోకాళ్లు కాస్త పక్కకి జరుపుకున్నాడు. ఆయనకి చెప్పాలని ఉంది, పెళ్లయి ఇరవై మూడు రోజులండీ, ఈ మాత్రం మతిమరుపు ఉంటుంది అని.

మా ఆయన. ఈ మాటని ఇరవై మూడు రోజులుగా నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాను, ఇంకా కరగలేదు. మా ఆయన నీటి సరఫరా శాఖలో ఇంజనీరు. పెళ్లయ్యాక నాతోపాటు ఇక్కడికి వచ్చాడు, నేను చివరి పనులు ముగించి గది ఖాళీ చేసేదాకా ఉండి, నన్నూ నా పెట్టెల్నీ తీసుకుపోవడానికి. ఈ ఊళ్లో ఎన్ని మేడలు, ఎన్ని వంతెనలు ఉన్నాయో చూపిద్దామని నేను తిప్పుతుంటే ఆయన కళ్లన్నీ నేల మీదే. మురుగు కాలవ మూతలు ఎంత బాగా కూర్చున్నాయో చూడు, అంటాడు. వంతెన మీద నిలబెట్టి నది చూపిస్తే, వంతెన కింద నుంచి పోయే గొట్టం ఎన్ని అంగుళాలుంటుందో అంచనా కట్టాడు. నేను కాగితాల మనిషిని, ఆయన నీళ్ల మనిషి. నా చదువంతా కాగితాన్ని నీళ్ల నుంచి కాపాడటం, మళ్లీ ఆ నీళ్లతోనే దాన్ని బాగుచేయడం. మా పెద్దనాన్న పెళ్లి పందిట్లోనే అన్నాడు, నువ్వు ఎండబెడుతూ ఉండు, అతను తడుపుతూ ఉంటాడు, సంసారం నడిచిపోతుందని.

ఈ పొద్దున్న ఏడున్నరకి మా ఆయన అలవాటు ప్రకారం పాస్‌పోర్టులు చూపించమన్నాడు. ఎర్ర జిప్పు సంచిలో ఒకటే ఉంది, ఆయనది. నేను మంచం మీద కూలబడి “గురువారం” అన్నాను. అంతే, ఆయనకి అర్థమైపోయింది. నువ్వు గది అప్పజెప్పి పెట్టెలతో వెనకాలే రా, రైలు స్టేషను ఎలాగూ ఆ పక్కనే, నేను ముందెళ్లి తీసుకుంటాను, అని మెట్లు దిగిపోయాడు, చలికోటు గుండీ ఒకటి తప్పు కన్నంలో పెట్టుకుని. ఎందుకు నువ్వే వెళ్లవని ఆయన అడగలేదు. నేను చెప్పనూ లేదు. తొమ్మిదింబావుకి ఫోను.

“మీ మేడమ్ ప్రెస్సు విప్పనంటున్నారు.”

“ఎందుకట?”

“ప్రెస్సుకి కట్టిన పట్టీ మీద ఉన్న పేరుగల మనిషి ఆవిడ రిజిస్టర్లో లేదట. ఒక్క నిజం చెప్పు. నా ఇంటిపేరు రాసొచ్చావా?”

“ఊఁ.”

“ఎందుకూ?”

“ఎలా ఉంటుందో చూద్దామని.”

అవతల దగ్గు వచ్చినట్టు నటిస్తూ నవ్వడం వినిపించింది. “ఆ ఇంటిపేరు నాదేనండీ అని నా పాస్‌పోర్టు చూపించాను. అయితే మీరు బిగించారా అని అడిగారు. లేదన్నాను. అయితే కూర్చోండి అన్నారు. కూర్చున్నాను. టీ ఇచ్చారు. రా తల్లీ, త్వరగా రా.”

పద్నాలుగు స్టాపులు. రొట్టెల దుకాణం దాటింది. ఆ దుకాణం ఆవిడ రెండేళ్లలో నా మొహం చూసి ఒక్కసారీ నవ్వలేదు, నిన్న మాత్రం ఇద్దరం కలిసి వెళ్తే ఆయన్ని ఎగాదిగా చూసి, నా సంచిలో అడక్కుండా ఇంకో రొట్టె పడేసింది. దాన్నే పొద్దున్న తిన్నాం, ఒకే కత్తితో, ఎందుకంటే చెంచాలూ పళ్లేలూ అప్పటికే డబ్బాలో పడిపోయాయి. గది చివరిసారి చూసినప్పుడు అది నాది కాదన్నట్టే ఉంది, ఏటవాలు కప్పు, తుడిచిన అలమర, మనిషి లేని మంచం. ఆ కప్పుకి రెండేళ్లలో నేను రెండుసార్లు తల కొట్టుకున్నాను, ఆయన ఆరు రోజుల్లో తొమ్మిదిసార్లు. ఒక్కరికే సరిపోయే మంచం మీద ఆరు రాత్రులు ఇద్దరం అగ్గిపెట్టెలో పుల్లల్లా పడుకున్నాం, ఒకరు అటు తిరగాలంటే ఇద్దరూ తిరగాలి. అత్తయ్య ఫోన్లో “అక్కడ వసతిగా ఉందా అమ్మాయ్” అని అడిగితే “చాలా విశాలంగా ఉందత్తయ్యా” అన్నాను, పక్కన ఆయన దిండు నోట్లో కుక్కుకున్నాడు. అత్తయ్యకి ఒక్కటే బాధ, వాణ్ని నువ్వు నువ్వు అంటావేంటమ్మాయ్ అని. అందుకని ఆయన నన్ను మీరు అనడం మొదలుపెట్టాడు. మీరు కాస్త జరుగుతారా, మీ మోచెయ్యి నా పక్కటెముకల్లో ఉంది, అని.

ఆ ముసలాయన దిగిపోయాడు. ఇప్పుడు ఆ సీట్లో ఎండ కూర్చుంది. గురువారం మాత్రం వాన. ఉన్నట్టుండి ఆకాశం తూటు పడ్డట్టు కురిసింది, మేమిద్దరం గొడుగు గదిలో వదిలేసి, నా కాగితాల మీద ఆఖరి ముద్ర వేయించుకుని వస్తున్నాం, ఇక ఈ ఊరికి నేను బాకీ లేనని చెప్పే ముద్ర. పరిగెత్తకుండా నడిచాం. తడుస్తూ నడవడానికి కారణం ఏమీ లేదు, ఇరవై రోజుల పెళ్లి తప్ప. గదికొచ్చి చూస్తే చేతిసంచిలో నీళ్లు, నీళ్లలో నా పాస్‌పోర్టు, పేజీలు అప్పడంలా అలలు తిరిగి. ఆయన హీటరు మీద ఆరబెడదామన్నాడు. నేను కెవ్వుమన్నాను. రెండేళ్ల చదువు ఒక్కసారి నోట్లోంచి వచ్చింది, తడి కాగితాన్ని తొందరపెట్టకూడదు, వేడి తగిలిందా బిగుసుకుపోతుంది, పేజీకీ పేజీకీ మధ్య అద్దుడు కాగితం పెట్టి, చెక్కల మధ్య ఉంచి, మెల్లగా బరువు వెయ్యాలి, రెండు రోజులు ముట్టుకోకూడదు. ఆయన చేతులు కట్టుకుని విన్నాడు. “మీరు చాలా బాగా తిడతారు” అన్నాడు.

ఆ సాయంత్రమే మరమ్మతు గదికి వెళ్లి నాలుగో నంబరు ప్రెస్సులో పెట్టాను. పైన ఇనుప చక్రం, తిప్పితే పళ్లెం దిగుతుంది. మా గదిలో ప్రతి ప్రెస్సుకీ ఒక పట్టీ కడతారు, బిగించినవారు అని ఒక గడి, విప్పవలసిన రోజు అని ఒక గడి, విప్పినవారు అని ఇంకో గడి. మొదటిదీ చివరిదీ ఒకే పేరై ఉండాలి. ఇది మా మేడమ్ పెట్టిన చట్టం. కాగితం ఎంత బిగువులో ఉందో బిగించిన చేతికే తెలుస్తుంది, ఇంకొకళ్లు విప్పితే ఒక పక్క ముందు వదులుతుంది, పేజీ జారుతుంది, చిరుగుతుంది. ఎన్ని చుట్లు తిప్పామో ఎక్కడా రాయనివ్వదు. చేతికి గుర్తుండాలి, గుర్తులేని చెయ్యి నాకొద్దు, అంటుంది. మా బ్యాచిలో ఒకతను కాలు విరిగి పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉంటే, అతను బిగించిన పాత పటం పదిహేను రోజులూ ప్రెస్సులోనే ఉంది. పటం అవతల ఎవరికో కావాలని ఉత్తరం మీద ఉత్తరం వచ్చినా మేడమ్ కదల్లేదు. కట్టుతో, కర్రతో అతనే వచ్చి విప్పాడు. అలాంటి మనిషి దగ్గర నేను మెరుపుల పెన్నుతో కొత్త ఇంటిపేరు రాసిన పట్టీ కట్టి వచ్చాను. రాసి, కాస్త దూరంగా జరిగి చూసుకున్నాను కూడా. అక్షరాలు బాగానే కూర్చున్నాయి అనిపించింది.

పది స్టాపులు. మూడున్నర చుట్లు. నా కుడి చేతికి బాగా గుర్తు, మూడు నిండుగా తిప్పి, మళ్లీ అర. అందులో సందేహం లేదు. సందేహం అంతా వేరే చోట ఉంది, అది ఇందాక వంతెన దాటుతుంటే మొదలైంది, నవ్వు మధ్యలో రాయిలా తగిలింది. వీసా కాగితం అతికించిన పేజీ. దాని వెనక జిగురు ఉంటుంది, తడికి ఊరుతుంది, బరువు పడితే ఎదురు పేజీకి పట్టేస్తుంది. అక్కడ అద్దుడు కాగితం పనికిరాదు, మైనపు కాగితం పెట్టాలి. ఇది మొదటి నెలలో నేర్పిన పాఠం. పెట్టానా? డ్రాయరు లాగాను, అది గుర్తుంది. మైనపు కాగితం చుట్ట చూశాను. అప్పుడు ఫోను మోగింది, ఆయన, రాత్రికి గుడ్లు కొనాలా అని, నాలుగు కొను అన్నాను, తరవాత చక్రం తిప్పడం గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు. గుడ్లున్నాయి, మైనపు కాగితం లేదు. పేజీలు అతుక్కుని ఉంటే, లాగితే చిరిగితే, చిరిగిన పాస్‌పోర్టుతో ఎవరు విమానం ఎక్కనిస్తారు, బుధవారం నేను చేరాల్సిన ఉద్యోగం ఏమవుతుంది, నలిగిన దస్తావేజుల్ని బాగుచేయడానికి వస్తున్నానని చెప్పి నా పుస్తకాన్నే పాడుచేసుకున్నానంటే ఏ మొహంతో చెప్పను.

ఆ ఉద్యోగం తలుచుకుంటే మాత్రం మళ్లీ పాలు పొంగుతాయి. మా ఊళ్లో పాత రికార్డుల ఆఫీసు. కిటికీలు లేని పెద్ద గది, గోడల నిండా గుడ్డల్లో కట్టిన మూటలు, ఒక్కో మూటలో ఎవరివో పొలాల హద్దులు, ఎవరివో తగాదాలు, ఎవరివో సంతకాలు. ఇంతవరకు అక్కడ చిరిగిన కాగితానికి తెలిసిన వైద్యం టేపు ఒక్కటే. నేను మొదటి మనిషిని. సూపరింటెండెంటు గారు ఫోన్లో అన్నారు, “మీరొచ్చేదాకా కాస్త నెమ్మదిగా తినమని చెదపురుగులకి చెప్పి చూస్తామమ్మా.” ఆయన గొంతు వినగానే ఇష్టం కలిగింది. పెద్ద పెట్టెలో నా కుంచెలున్నాయి, పట్టకార్లున్నాయి. పిండి ఎలాగూ అక్కడే దొరుకుతుంది, జిగురు నేనే ఉడికిస్తాను, గరిటె తిప్పుతుంటే అత్తయ్య వచ్చి ఏం వంట అని అడుగుతుంది. నీళ్లు తగిలితే ఊడిపోయే జిగురు అత్తయ్యా, అంటాను. ఊడిపోయే దానికి అతికించడం ఎందుకు అంటుంది. రేపు మనకన్నా తెలివైన వాళ్లొచ్చి ఇంకా బాగా అతికిద్దామంటే మన పని అడ్డం రాకూడదు కదా, అంటాను. ఆవిడ ఒక క్షణం ఆలోచించి, సర్లే, మాడకుండా చూసుకో అంటుంది. ఇవన్నీ ఇంకా జరగలేదు. అయినా గరిటె బరువు చేతికి తెలుస్తోంది.

మరి ఎందుకు శుక్రవారం అలా పారిపోయాను. ఏడు స్టాపులున్నాయి, ఇక తప్పించుకోలేను, ఆలోచించాలి. శుక్రవారం ఐదింటికి నాకోసం టీ పెట్టారు, చదువు ముగించిన ప్రతి విద్యార్థికీ పెడతారు, మేడమ్ తనే కప్పులు కడుగుతుంది. నాలుగుంబావుకి నా బల్ల తుడిచాను. నాలుగున్నరకి ఆవిడ పక్క గదిలో కప్పులు కడుగుతున్న చప్పుడు వినిపించింది. మా మరమ్మతు గదిలో కొళాయి ఒకటి కారుతుంది, రెండేళ్లుగా కారుతూనే ఉంది, టప్, టప్, అందరం దాని మీద విసుక్కునేవాళ్లం, పని చేస్తున్నప్పుడు ఊపిరి కూడా దానికి తగ్గట్టే పీల్చేవాళ్లం. కప్పుల చప్పుడు ఆగి ఆ టప్ ఒక్కటే వినిపించేసరికి నాకు ఏడుస్తానని తెలిసిపోయింది. పెళ్లికి ఏడవలేదు, అప్పగింతల్లో మా అమ్మ ఏడుస్తుంటే నేను ఆయన చెప్పులు ఎవరు దాచారా అని వెతుకుతున్నాను. అలాంటిదాన్ని ఇక్కడ, కారే కొళాయికి ఏడవడం ఏమిటి. బిస్కెట్ల డబ్బా బల్ల మీద పెట్టి, నాలుగు లైన్ల ఉత్తరం రాసి, వెనక మెట్ల మీద నుంచి దిగిపోయాను. ఉత్తరంలో ఏం రాశానో కూడా సిగ్గే, తలనొప్పి అని రాశాను. రెండేళ్ల కిందట పట్టకారు పట్టుకోవడం రానిదాన్ని, చేతివేళ్లు ఒక్కొక్కటీ పట్టుకుని నేర్పిన మనిషికి తలనొప్పి అని రాసి వచ్చాను. శనివారం పాస్‌పోర్టు కోసం వెళ్లాలని గుర్తుండి ఉండాల్సింది. ఆ గది తలుచుకోకూడదని అంత గట్టిగా అనుకున్నాను కాబట్టి, ఆ గదిలో ఉన్నదంతా కలిసి మరుపులోకి పోయింది, పాస్‌పోర్టుతో సహా.

ఐదు. తపాలా ఆఫీసు దాటింది, ఇక్కడే మొదటి వారం దారి తప్పి, ఒకే వీధి చుట్టూ మూడుసార్లు తిరిగి, పరువు పోతుందని నాలుగోసారి కావాలని తిరిగినట్టు నడిచాను. బట్టలుతికే దుకాణం దాటింది, అక్కడ మెషీను తిరుగుతుంటే కూర్చుని ఆయనతో ఫోన్లో మాట్లాడేదాన్ని, పెళ్లి మాట ఇంకా ఎవరం ఎత్తని రోజులు, మెషీను ఆగిపోయినా మాట ఆగేది కాదు, తడి బట్టలు నా మీద అలిగి ముద్దగా పడుండేవి. ఈ ఊరు నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. నేను రేపు ఈ ట్రామ్‌లో లేకపోతే ఈ సీటుకి తెలియదు. అయినా ఏ మలుపులో బండి ఊగుతుందో నా నడుముకి తెలుసు, ఊగక ముందే కాలు తన్నిపెడుతున్నాను. ఈ తెలివిడి ఇక దేనికీ పనికిరాదు. ఏ పెట్టెలోనూ పట్టదు. పోనీ వదిలేద్దామంటే నడుము ఇక్కడ వదిలి వెళ్లలేను కదా. తీసుకుపోతాను. మా ఊరి బస్సులో ఏ మలుపు లేని చోటో ఊరికే కాలు తన్నిపెడితే, ఆయన ఏంటి అని అడిగితే, ఏం లేదు, పోస్టాఫీసు వచ్చింది అంటాను.

రెండు. ఒకటి. పెట్టెలు దింపుతుంటే డ్రైవరు అద్దంలో చూస్తూ తలుపు పట్టి ఉంచింది, చివరి పెట్టె దిగేదాకా. ఎప్పుడూ పట్టి ఉంచరు.

గుమ్మంలో మేడమ్ లేదు. తలుపు తెరిచి ఉంది. లోపలికి వెళ్తే మొదట కనిపించినవి మా ఆయన కాళ్లు, కొళాయి కింద అలమరలోంచి బయటికి, పాదాలు మాత్రం ఆనందంగా కదులుతూ. చలికోటు కుర్చీకి తగిలించి ఉంది. మేడమ్ పక్కనే ముక్కాలి పీట మీద, పై అంతస్తులోని తన ఇంటి నుంచి దిగొచ్చిన మెత్తటి చెప్పులతోనే, ఒళ్లో నట్లు పెట్టిన మూత పట్టుకుని, ఆపరేషను గదిలో నర్సులా కూర్చుని ఉంది.

“వాషరు అరిగిపోయింది, అంతే. రెండేళ్లూ దీన్ని కారనిచ్చారా?” అలమర లోపల్నుంచి మా ఆయన.

“ఈ గదిలో వాళ్లకి కాగితం తప్ప ఏదీ కనిపించదు” అంది మేడమ్. తరవాత నా వైపు తిరిగింది. “మీరెవరు? నా దగ్గర చదివిన అమ్మాయికి తలనొప్పి అని విన్నాను.”

“తగ్గింది మేడమ్.”

“అయితే విప్పు. పదీ నలభై ఐదు.”

నాలుగో నంబరు ముందు నిలబడ్డాను. చక్రం చల్లగా ఉంది. ఇందాకటిదాకా పొంగిన పాలు ఎక్కడికి పోయాయో తెలియదు. మెల్లగా తిప్పాను, ఒక చుట్టు. రెండు. వెనక అలమరలో చప్పుడు ఆగింది, ఆయన బయటికొచ్చి నిలబడ్డాడని తెలుస్తోంది, ఊపిరి బిగబట్టాడని కూడా. మూడు. ఇంకో అర చుట్టు ఉందని చెయ్యి సిద్ధంగా ఉంది, కానీ పళ్లెం తేలిపోయింది. బరువు వదిలేసింది. మూడు చుట్లకే. చెయ్యి గాల్లో ఉండిపోయింది, మెట్టు ఉందనుకుని అడుగు వేస్తే నేల తగిలినట్టు. నా చెయ్యి అబద్ధం చెప్పదు, ఆ చేతిని అలా తయారుచేసింది ఈ గదే. మూడున్నర బిగించాను నేను. చెక్కలు తీశాను. అద్దుడు కాగితాలు ఒక్కొక్కటే తీశాను, అవి నేను పెట్టినవే, వంకరగా, గుడ్ల తొందరలో చింపినవి. వీసా పేజీ దగ్గరికి వచ్చాను. అక్కడ మైనపు కాగితం ఉంది. తెల్లగా, పేజీకి సరిగ్గా కొలత పెట్టి కోసినట్టు, నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించి. పదును మూల కాగితానికి గుచ్చుకుంటుందని ప్రతిసారీ అలా కత్తిరించే ఓపిక మాలో ఎవరికీ ఎప్పుడూ లేదు. ఈ గదిలో ఒక్కరికే ఉంది.

తల తిప్పి చూశాను. మేడమ్ కొళాయి వైపు చూస్తోంది, దాన్ని ఇంతకుముందు ఎప్పుడూ చూడనట్టు. ముప్పై ఏళ్లలో ఆవిడ ఇంకొకరి ప్రెస్సు విప్పలేదు. కాలు విరిగినవాడికోసం విప్పలేదు, ఉత్తరాలొచ్చినా విప్పలేదు. శుక్రవారం నేను వెనక మెట్లు దిగాక, ఎవరూ తాగని టీ కప్పుల మధ్య, తెలియని ఇంటిపేరున్న పట్టీ చూసి, ఆ చేతిరాత ఎవరిదో తెలుసుకుని, ఆ చేతిరాత పిల్ల ఏం మర్చిపోయి ఉంటుందో కూడా తెలుసుకుని. విప్పింది. పెట్టింది. మళ్లీ బిగించింది, నేను ఎన్ని తిప్పానో ఎక్కడా రాసి ఉండదు కాబట్టి తన చేతి లెక్కకి బిగించింది. అలాంటి మనిషి ఈ పొద్దున్న మా ఆయన మొహం మీద చట్టం చదివింది. విప్పి ఇచ్చేయడానికి ఆవిడకి ఒక్క నిమిషం పట్టదు. ఇచ్చేసి ఉంటే నేను ఈ తలుపు దాకా వచ్చేదాన్ని కాదు.

“మేడమ్” అన్నాను. “మైనపు కాగితం నేను మర్చిపోయానేమో అని భయపడ్డాను.”

“పెట్టి ఉంది కదా.”

“ఉంది.”

“అయితే పట్టీ నింపు.”

విప్పినవారు అన్న గడిలో నా పేరు రాశాను, పాత ఇంటిపేరు రాశాను, కొత్తదీ రాశాను, చోటు చాలక చివరి అక్షరాలు గడి దాటి అంచు మీదికి ఎక్కాయి. ఆవిడ తీసుకుని, కళ్లజోడు పైకి నెట్టి చదివి, చివరి అక్షరాల మీద వేలు పెట్టి, ఇలా గీత దాటే రాత మీ ఆఫీసులో పనికిరాదు అంది. పట్టీని ఫైల్లో పెట్టలేదు. తన స్వెట్టరు జేబులో వేసుకుంది. అప్పుడు ఏడ్చాను. నవ్వుతూనే, ముక్కు కారేలా ఏడ్చాను, మా ఆయన తడి చెయ్యి తుడుచుకునే గుడ్డ అందించాడు, దానికి గ్రీజు ఉంది. మేడమ్ మూడు కప్పులు తెచ్చింది. ఇది శుక్రవారం టీ, అంది, మళ్లీ వేడి చేశాను, రుచి అడక్కండి. నిలబడే తాగాం. నిజంగానే చేదుగా ఉంది. కొళాయి వైపు ముగ్గురం చూశాం. చప్పుడు లేదు. గది అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ వినలేదు, మొదటిసారీ ఆఖరిసారీ ఒకటే అయింది. రేపు పిల్లలు పనిలో ఊపిరి తీసుకోవడం మర్చిపోతారేమో, అంది మేడమ్, మా ఆయన్ని చూసి, నేరం చేసినవాణ్ని చూసినట్టు.

పాస్‌పోర్టు ఎర్ర సంచిలో పెట్టి, సంచి జిప్పు వేసి, ఆయన చేతికిచ్చాను. వీసా పేజీ అంచున ఒకే ఒక్క అల మిగిలింది. ఇంకో రోజు బరువు పెడితే పోయేది. పోకపోయినా ఫరవాలేదు. పెట్టెలు ఆయన ఎత్తుకున్నాడు, చిన్నది నేను తీసుకున్నాను, అలవాటు చొప్పున వెనక మెట్ల వైపు ఒక అడుగు వేశాను.

“పదకొండుంబావు అయింది, నడవండి” అంది మేడమ్, కప్పులు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంటూ. “ఈసారి ముందు తలుపు నుంచి.”